చిట్కాలకు అంటుకున్న పిల్ల

ఆ రోజు మధ్యాహ్న భోజనాలలోగా స్వరూప చేయాల్సిన పనులు ఇవి. కొత్త బ్యాచ్ వాళ్ళ బిళ్ళలు స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. కుర్చీల వెనక వైర్లను ఎలుకలు కొరికాయేమో చూడాలి. నజియాను మళ్ళీ ఒకసారి కూర్చోబెట్టి, ఆమెకు ఏమవుతోందో ఆమె మాటల్లోనే రికార్డు చేయాలి. బెంగళూరు నుంచి వస్తున్న క్లయింట్లకు కారం తక్కువ భోజనం చెప్పాలి. అమ్మకు ఫోన్ చేసి బీపీ గోళీ వేసుకుందో లేదో అడగాలి. చివరి పని ఒకటుంది, దాన్ని మాత్రం ఎక్కడా రాసుకోలేదు: సమ్మయ్య సారుకు తెలియకుండా ఆయన చిట్కాల్లోంచి ఒక పిల్లను తీసేయాలి.

హన్మకొండలో ఆమె పనిచేసే ప్రయోగశాల పేరు ‘ఒరవడి’. పంతులు పలక మీద రాసిచ్చిన అక్షరాల మీద పిల్లలు దిద్దుకుంటారే, అలాంటిదే ఇదీ. ఇక్కడ పలకకు బదులు మనిషి తల. పని తెలిసినవాడు చెవి వెనక రూపాయంత బిళ్ళ అంటించుకుని తన పని తాను చేస్తూ పోతే, అలాంటి బిళ్ళే అంటించుకున్న తెలియనివాడికి ఆ పని చేతికొచ్చేస్తుంది. పెద్ద విద్యలు పట్టుబడలేదు. సంగీతం ప్రయత్నిస్తే గొంతులు బొంగురుపోయాయి. వంట ప్రయత్నిస్తే ఉప్పు దగ్గరే చెడింది. చిన్నచిన్న కిటుకులు మాత్రం చక్కగా దిగాయి. అందుకే వెబ్ పేజీలు కట్టేవాళ్ళతో మొదలుపెట్టారు. ఆ వృత్తి సగం కిటుకుల మీదే నడుస్తుంది. నాలుగు వరుసల కోడ్, దాని వెనక ఎవరో తలబాదుకుని కనిపెట్టిన ఒక ఉపాయం.

ఉపాయాలంటే స్వరూపకు గుర్తొచ్చిన మొదటి మనిషి సమ్మయ్య సారు. హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో, చెప్పుల షాపు మీది గదిలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. ఇంగ్లీషు రాని పిల్లల కోసం తెలుగులో ఒక చిట్కాల పేజీ పెట్టాడు. కోడ్‌లో పేర్లు కూడా తెలుగులోనే రాసేవాడు. ‘నకలు’, ‘అసలు’, ‘పిల్లలందరూ’ అని ఉండేవి. పేజీ ఫోన్‌లో పట్టకపోతే ఏం చేయాలి, బొమ్మ రాకపోతే దాని చోట ఏం రాయాలి, సరిగ్గా నడుస్తున్న కోడ్‌ను శుక్రవారం సాయంత్రం ఎందుకు ముట్టుకోకూడదు, అన్నీ ఉండేవి అందులో. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివిన మొదటి మనిషి స్వరూప. కాలేజీలో అర్థంకానిదల్లా ఆమెకు సారు గదిలోనే అర్థమైంది. ఒరవడిలో ఉద్యోగం రాగానే ఆమె వెళ్ళి అడిగింది, “సార్, మీ చిట్కాలు ఇయ్యరా?” అని.

“అవి నేనెప్పుడో ఇచ్చేసిన గదా బిడ్డా, పేజీల ఉండనే ఉన్నయి. మళ్ళ అడుగుడెందుకు, తీస్కపో” అని నవ్వుతూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడాయన.

చిక్కు మొదలైంది నజియా దగ్గర. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళలో ఆమెది చురుకైన చేయి. ఫారం నింపి బటన్ నొక్కగానే ఆ బటన్‌ను మూసేసి, జవాబు వచ్చాకే తెరిచే చిట్కా ఒకటుంది. లేకపోతే తొందరపాటు మనుషులు పదిసార్లు నొక్కుతారు, పది దరఖాస్తులు పడతాయి. ఆ చిట్కా రాస్తూ రాస్తూ నజియా చేతులు ఆపేసింది.

“ఏమైంది?” అని అడిగింది స్వరూప.

“ఏం లేదు మేడం. ఊకె కండ్లల్ల నీళ్ళొస్తున్నయి.”

“తల నొస్తుందా?”

“కాదు మేడం. గీ బటన్ కోడ్ రాసేటప్పుడల్లా నా ఒళ్ళె ఎవరో వచ్చి కూసుంటరు. చిన్నపిల్ల. దాని జడ నా గదుమకు తాకుతది, నూనె వాసన. బటన్ నొక్కుతది, ఇంకోసారి నాయినా, ఇంకోసారి అంటది.” నజియా చున్నీతో కళ్ళు తుడుచుకుంది. “నాకింక పెండ్లే గాలే. నన్ను నాయినా అనుడేంది? ఈ పిల్ల ఎవరు మేడం?”

ఎవరో స్వరూపకు తెలుసు. సమ్మయ్య సారు కూతురు రుద్రమ. ఇంట్లో రుద్రి అనేవారు. బడి అయిపోగానే తండ్రి దగ్గరికొచ్చి ఒళ్ళో కూర్చునేది. ఆయన కట్టిన ప్రతి పేజీని నొక్కి, లాగి, చెడగొట్టడమే ఆ పిల్ల ఆట. చెడిపోయినదాన్ని బాగుచేస్తూ చేస్తూ ఆయన చిట్కాలు కనిపెట్టాడు. రెండేళ్ళ కింద వానాకాలంలో విషజ్వరం వచ్చి పిల్ల పోయింది. చిట్కాలు మిగిలాయి. వాటికి పిల్ల అంటుకుని ఉందని ఎవరికీ తెలియలేదు, ఆయనకు తప్ప.

దాచడానికి మనసొప్పక స్వరూప వెళ్ళి ఆయనకు చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

“బరువున్నదన్నదా ఆ అమ్మాయి?”

“ఉన్నదట సార్.”

“ఎడమ తొడ మీద్నా?”

“ఎడమ దిక్కే అన్నది.”

“మౌస్ కుడిచేత్తోటి పట్టుకుంట గదా, అందుకని ఎడమ దిక్కు కూసునేది.” ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. “రెండేండ్లాయె నా ఒళ్ళె కూసోక. వేరేటోళ్ళ ఒళ్ళె కూసుంటాందా. కూసోనియ్యి బిడ్డా. లేపకుర్రి.”

ఆనాటి నుంచి ఆయన ఇంటికెళ్ళేటప్పుడు కూడా బిళ్ళ తీయడం మానేశాడు. ఎవరైనా ఆయన చిట్కా వాడినప్పుడు చెవి వెనక సన్నగా చక్కిలిగిలి పెట్టినట్టుంటుందట. “అది కదిలినప్పుడల్ల మా రుద్రి ఆడికి పోయి వచ్చినట్టుంటాంది” అన్నాడు. నిబంధనల ప్రకారం బిళ్ళ ఇంటికి తీసుకెళ్ళకూడదు. స్వరూప చూసీ చూడనట్టు ఊరుకుంది.

కానీ నజియా ఒక్కతే కాదు. బ్యాచ్‌లో సగంమంది పని మధ్యలో చేతులాపి ఒళ్ళోకి చూసుకోసాగారు. క్లయింట్లు ఫిర్యాదు చేశారు. ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఫణీంద్ర స్వరూపను పిలిచాడు. ఆయన కసాయి మనిషేమీ కాదు. ఉద్యోగుల పిల్లల పుట్టినరోజులు గుర్తుపెట్టుకునే మనిషి.

“స్వరూపా, కోడ్‌ను జనంలోకి వదిలేముందు కామెంట్లు తీసేస్తామా లేదా?”

“తీసేస్తం సర్.”

ఇది ఆ వృత్తిలో అందరూ చేసేదే. రాసినవాడు తన గుర్తు కోసం కోడ్ పక్కన రెండు మాటలు రాసుకుంటాడు. ఇది ఎందుకు పెట్టాను, ఆరోజు ఏమైంది అని. యంత్రానికి వాటితో పనిలేదు. బరువు తగ్గుతుందని పంపేముందు ఊడ్చేస్తారు.

“తీసేస్తే కోడ్ ఆగిపోతుందా?”

“ఆగదు సర్.”

“ఇదీ అంతేనమ్మా. చిట్కా ఉంటుంది, పక్కన రాసుకున్న మాటలు పోతాయి. మనం ముట్టుకునేది నకలునే కదా. అసలు ఆయన దగ్గరే భద్రంగా ఉంటుంది.”

“సారుకు ఒక మాట చెప్పి...”

“చెప్తే వద్దంటాడు. వద్దన్నాక చేస్తే తప్పవుతుంది. ఎందుకా బాధ ఆయనకు?”

పెద్దలు చెప్పిన పని తలవంచుకుని చేసిపెట్టడమే స్వరూప ఇంట్లో నేర్చుకున్న మర్యాద. పైగా ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. అసలు ఆయన దగ్గర ఉంటుంది. నకలులో పిల్ల లేకపోతే ఆయనకు పోయేదేముంది? చక్కిలిగిలి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది కదా అనుకుని గుండె దిటవు చేసుకుంది.

అలా ఆ రోజు వచ్చింది. పనులన్నీ ఒకటొకటిగా అయిపోయాయి. అమ్మ గోళీ వేసుకుంది. చివరి పని కోసం స్వరూప తలుపు దగ్గరికేసి కూర్చుంది. ముందుజాగ్రత్తగా చిన్న కోడ్ రాసి, సారు చిట్కాలన్నిటికీ ఇంకో నకలు తీసి, దాని మీదే పని మొదలుపెట్టింది. తెర మీద ఒక్కో చిట్కా ముడివిప్పిన దారపుండలా పరుచుకుంటుంది. కోడ్ పోగు తెల్లగా, దానికి అంటుకున్నవి రంగురంగులుగా. రంగు పోగులు లాగేస్తే తెల్లది మిగులుతుంది. బటన్ చిట్కాలోంచి ఒళ్ళో బరువు పోయింది. బొమ్మ చిట్కాలోంచి ‘నాయినా, ఈ ఖాళీ డబ్బాల ఏముండె’ అన్న గొంతు పోయింది. ఒక చిట్కాకు జ్వరం వేడి అంటుకుని ఉంది. అది లాగేటప్పుడు స్వరూప తల పక్కకు తిప్పుకుంది.

నజియాను పిలిచి మళ్ళీ ఆ కోడే రాయించారు. ఆమె గడగడా రాసేసింది.

“ఏమన్నా ఉందా?”

“ఏం లేదు మేడం. ఒళ్ళు ఖాళీ.” నవ్వింది. ఆ తర్వాత ఎందుకో ఎడమ తొడ మీద అరచేయి పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

క్లయింట్లు సంతోషించారు. అందరూ భోజనాలకు లేస్తుండగా స్వరూప ఫోన్ మోగింది. సారు భార్య అరుణ. స్వరూప అక్కా అని పిలుస్తుంది.

“స్వరూపా, మీ సారుకు ఏం జేసిర్రే?”

“ఏమైందక్కా?”

“కంచం ముందటేసుకున్నోడు బుక్క నోట్లె పెట్టుకోకుంట గోడ దిక్కు జూస్తాండు. ఆ ఫోటోల పిల్లెవరు అంటాండు. పరాచికానికి గూడ హద్దుండాలె అన్న. నిజంగనే అడుగుతాన్న, మీ చుట్టాల పిల్లనా అన్నడు.” అవతల తలుపు దగ్గరికేసిన చప్పుడైంది. “ఆయన మొఖంల దొంగ నటన లేదే. నాకు భయమైతాంది.”

స్వరూప నయీంనగర్‌లో వాళ్ళింటికి చేరేసరికి సమ్మయ్య సారు గుమ్మంలోనే ఎదురయ్యాడు. మనిషి కళకళలాడుతున్నాడు. రెండేళ్ళుగా వంగిపోయిన భుజాలు నిటారుగా నిలబడ్డాయి.

“రా బిడ్డా. మీ అక్క ఊకె కంగారు పడుతాంది. నాకేమైంది? మస్తు తేలికగున్నది పాణం. ఒక్క చిట్కా అడుగు, చెప్పకపోతే అడుగు.”

చెవి వెనక బిళ్ళ మెరుస్తోంది. తాను రంగు పోగులు లాగుతున్నప్పుడూ అది అక్కడే ఉందని స్వరూపకు అర్థమైంది.

సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, ఏమీ చెప్పకుండా, తాను ఆరోజు రాసిన కోడ్ ఆయన ముందు పెట్టింది. “ఇందుల తప్పేమన్నా ఉందా, చూడండి సార్.” ఆయన ఉత్సాహంగా ముందుకు జరిగాడు. వేలితో వరుసలు చూసుకుంటూ పైనే ఆగాడు.

నకలు = అసలు;

“ఓరి బిడ్డా! మొదటి నెలల చెప్పిన పాఠం గదా ఇది. అట్ల రాస్తె నకలైతదా? అయ్యేది కాదు. నువ్వు ఇల్లు ఇంకోటి కట్టలే, అదే ఇంటి చిరునామా ఇంకో కాయితం మీద రాసుకున్నవ్. రెండో కాయితం పట్టుకపోయి గోడ గూలగొడ్తె కూలేది ఏ ఇల్లు? మొదటిదే. లోపలిదాంక పోయి ఒక్కొక్కటి ఏరి తీయాలె, అప్పుడది నకలు.” ఆయన నవ్వాడు. “అందరు చేసే తప్పే, సిగ్గుపడకు. దీనికి నేనొక ఉదాహరణ చెప్తుంటి. వింటే ఇగ జన్మల మర్వరు. ఏదో ఉండె...” నుదురు రుద్దుకున్నాడు. “నోటి దాంక వస్తాంది గని, రావట్లే.”

స్వరూపకు ఆ ఉదాహరణ తెలుసు. చెప్పుల షాపు మీది గదిలో ప్రతి బ్యాచ్‌కూ ఆయన చెప్పేది అదే. ‘బడిల రుద్రమ అంటరు, మా ఇంట్ల రుద్రి అంటం. పేర్లు రెండు, పిల్ల ఒకతే. రుద్రికి దెబ్బ తగిలితే రుద్రమ ఏడ్వదంటవా?’ అనేవాడు. పిల్లలందరూ నవ్వేవారు. ఒళ్ళో కూర్చున్న రుద్రి కూడా నవ్వేది.

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. స్వరూప నేల చూపులు చూస్తూ చెప్పేసింది. ఎవరిని తీసేయాలనుకుందో, ఎందుకు తీసేసిందో, ఆయనకు ఎందుకు చెప్పలేదో, ఒక్కటి దాచకుండా. ఆయన వింటున్నాడు. వేరే ఊళ్ళో ఎవరింట్లోనో జరిగిన చావు కబురు వింటున్నట్టు, మర్యాదగా, జాలిగా.

“గట్లనా” అన్నాడు చివరికి. లేచి ఫోటో దగ్గరికి వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. “మంచిగున్నది పిల్ల. నా ముక్కే వచ్చినట్టుంది.”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అరుణ ఆ మాటకు కుప్పకూలింది. “రెండేండ్లు ఆయన ఏడుస్తాంటే నేను పండ్ల బిగువున ఆపుకున్న. ఇద్దరం ఏడిస్తే ఇల్లెట్లా అని. ఇగ ఇప్పుడు ఇద్దరి ఏడ్పు నేనే ఏడ్వాల్నా?”

ఒరవడిలో మర్నాటి నుంచీ వెతుకులాటే. బిళ్ళలన్నీ తిరగేశారు, యంత్రాలన్నీ గాలించారు. ముందుజాగ్రత్త అనుకుని స్వరూప తీసిన నకలు కూడా చిరునామాయే, అదే ఇంటికి. ఫణీంద్ర తల పట్టుకుని కూర్చున్నాడు. సమ్మయ్య సారు బిళ్ళ తీసి ఉంటే ఆ దారి మూసుకుపోయి ఉండేది, ఏమీ అయ్యేది కాదు. పిల్ల వస్తూపోతూ ఉందన్న ఆశతో ఆయన తెరిచి పెట్టుకున్న దారిలోనే వీళ్ళ చేయి లోపలికి వెళ్ళింది. నజియాను అడిగితే, “చెప్పిన మాటలు యాదికున్నయి మేడం. బరువున్నది అని చెప్పిన. గని ఎంత బరువో యాదికి లేదు” అంది.

ఒక మార్గం మిగిలిందని ఫణీంద్ర స్వయంగా వెళ్ళి అరుణ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “అమ్మా, మీ తలలో పాప ఉంది కదా. మీ గుర్తుల్ని ఆయనకు పెట్టగలం. ఈసారి ఏ పొరపాటూ జరగదు.”

అరుణ భర్త వైపు చూసింది. ఆయన ఆశగా చూస్తున్నాడు.

“వద్దు సార్” అంది. “పిల్ల నాకొక తీరు, ఆయనకొక తీరు. నా దగ్గర జడేసుకుంటాంటే కదలకు అని నెత్తి మీద మొట్టించుకునేది. ఆయన ఒళ్ళె ఎట్ల కూసునేదో నేను వంటింట్ల నిలబడి జూసుడే గని నా ఒళ్ళుకు తెల్వదు. నాది తీసి ఆయనకు పెడితే ఇంకో తల్లి అయితడు. తండ్రి ఎట్లయితడు?” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇంకోటి. ఇప్పుడు నా దగ్గర్నే ఉన్నది ఆ పిల్ల. మీ చేతికి ఇయ్య.”

ఫణీంద్ర ఆమెకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

స్వరూప ఉద్యోగం మానేసింది. మానేస్తే ఏమొస్తుంది, పోయిన పిల్ల వస్తుందా అని ఆమె అమ్మ కూడా అంది. అయినా ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేకపోయింది. వీలున్నప్పుడల్లా నయీంనగర్ వెళ్తుంది. మొదట్లో అరుణ తలుపు తీసేది కాదు. అరుగు మీద కూర్చుని వచ్చేసేది. ఒకనాడు తలుపు తీసి, “ఎండల కూసుంటే ఏమొస్తదే, లోపటికి రా” అంది. అంతకుమించి క్షమించలేదు, స్వరూప అడగనూలేదు.

సమ్మయ్య సారు పాఠాలు మళ్ళీ మొదలుపెట్టాడు. కొత్త పిల్లలు ఆయన దగ్గర హాయిగా నవ్వుతారు. అయితే భార్య వంటింట్లో సింకు పంపు తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడవడం ఆయన కనిపెట్టాడు. ఒకరోజు స్వరూపను బయటికి పిలిచాడు.

“బిడ్డా, ఆమె ఏడుస్తది. నేను పక్కన కూసుంట. ఊకో అంట. గని నాది ఊరోడు ఓదార్చినట్టె ఉంటాంది, ఆమెకు తెలుస్తాంది. అబద్ధం ఏడ్వబోతే ఇంకా ఏడ్చింది.” ఆయన గొంతు తగ్గించాడు. “పిల్ల నాకు తెల్వదు. గని ఆమె ఒక్కతే మోస్తాంటే చూసుడు నాతోని కాదు. నేను మోయలేను, మరి ఇంకెవరన్న మోయొచ్చు గదా? కొద్దికొద్దిగ, తలా ఇంత. మీ అక్కను అడిగి రాసుకో. మన పేజీల పెట్టు. చదివినోళ్ళను అడుగు, నా దిక్కెల్లి అడుగు.”

స్వరూప అడిగింది. అరుణ చెప్పడానికి చాలా రోజులు పట్టింది. చిట్కాల పేజీ తెరిచినవాళ్ళకు ఇప్పుడు అన్నిటికంటే పైన కనిపించేది చిట్కా కాదు, కాపీ చేసుకుని వాడుకోవడానికి పనికొచ్చేదీ కాదు.

‘రుద్రమ మూడో తరగతి చదివింది. తిరిగే ఫ్యాన్ ముందు నిలబడి పాట పాడి, గొంతు వణుకుతుంటే తనే పడిపడి నవ్వేది. ఉడకబెట్టిన పల్లికాయల్లో మూడు గింజలవి తండ్రికి, రెండు గింజలవి తల్లికి ఏరిపెట్టి ఒంటిగింజవి తాను తినేది. కొత్త చెప్పులను మొదటి రోజు చంకలో పెట్టుకుని ఉత్త కాళ్ళతో నడిచింది, అరిగిపోతాయని. నిద్రలో తల్లి చెవి తమ్మెను వేళ్ళతో పట్టుకునేది. వానాకాలం జ్వరంలో పోయింది. పోయేముందు మంచినీళ్ళు అడిగింది, తాగింది. ఆమెను కన్న తండ్రికి ఇప్పుడు ఆమె జ్ఞాపకం లేదు. తల్లి ఒక్కతే జ్ఞాపకం పెట్టుకుంది. ఇది చదివిన మీరు ఎవరైనా సరే, ఏ ఊరివారైనా సరే, మీ పనుల మధ్య ఎప్పుడైనా ఒక్క క్షణం ఆ పిల్లను తలుచుకోండి. ఆమె పేరు రుద్రమ. ఇంట్లో రుద్రి అనేవారు.’